ముందుగది కోసం అయిదంతస్తులు

కత్తెరమ్మకి ఆ పేరు పెట్టింది వీధి. చేతిలో కత్తెర చూసి పెట్టారని కొత్తవాళ్ళు అనుకునేవారు. పాతవాళ్ళకి అసలు సంగతి తెలుసు. కొలతలివ్వడానికి వచ్చిన మనిషి పొట్ట బిగబట్టి నిలబడితే చాలు, టేపు మెడలో వేసుకుని, "గాలి వదలండి బాబూ. చొక్కా తొడుక్కోవాల్సింది మీరు, మీ ఫోటో కాదు" అనేది. ముఖం మాడ్చుకుని వెళ్ళినవాళ్ళు కూడా చొక్కా తీసుకోవడానికి మళ్ళీ వచ్చేవాళ్ళు, మరోటి కుట్టమని గుడ్డ కూడా తెచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆ చొక్కా ఒంటికి పట్టేది. తియ్యగా మాట్లాడే దర్జీలు వీధికి నలుగురుంటారు. భుజం సరిగ్గా కూర్చోబెట్టేవాళ్ళు ఊరికొకరు దొరికితే గొప్ప.

అంత పనిమంతురాలు కుట్టుకునేది ఎక్కడయ్యా అంటే, మెట్ల కింద. పై అంతస్తుకి వెళ్ళే మెట్లు మలుపు తిరిగే చోట ఒక గూడు లాంటిది మిగిలింది. ఇల్లు కట్టినవాడు దాన్ని చీపుళ్ళకీ, చిల్లుపడ్డ బకెట్లకీ వదిలేశాడు. కత్తెరమ్మ కాపురానికి వచ్చినప్పుడు కుట్టుమిషను వెంట తెచ్చుకుంటే, "అక్కడ పెట్టుకో అమ్మా, ఎవరికీ అడ్డం ఉండదు" అన్నారు. పైనుంచి ఎవరు దిగినా తల మీద దుమ్ము రాలేది. నిటారుగా లేస్తే మెట్టు నెత్తికి తగిలేది. చిన్నకోడలు ఎప్పుడూ తల వంచుకునే ఉంటుందని అత్తగారు చుట్టాల దగ్గర మురిసిపోయేది. ఆ వినయానికి కారణం మెట్లని ఆవిడకి తట్టలేదు.

పట్టపగలు కూడా అక్కడ బల్బు వెలగాలి. బల్బు వెలుతురులో నలుపూ ముదురు నీలమూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకసారి ఒక బ్యాంకు గుమస్తా నల్ల ప్యాంటుకి నీలం దారంతో కుట్టు వేసింది. ఆయన అది తొడుక్కుని ఆఫీసుకి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చున్నాక కనిపెట్టాడు. తిరిగొచ్చి రభస చేశాడు. కత్తెరమ్మ జీవితంలో మొదటిసారి ఎదురు మాట చెప్పలేకపోయింది. ఆ రోజే తేల్చుకుంది, ముందుగది కావాలని.

ముందుగదికి వీధివైపు నిలువెత్తు కిటికీ ఉంది. పొద్దున్నుంచి పొద్దువాలేదాకా గదంతా వెలుతురు పరుచుకుని ఉండేది. ఆ వెలుతురు ఎవరికి ఉపయోగపడేదంటే, ఒక సోఫాకి. వచ్చే అతిథుల కోసం కొన్న సోఫా అది. అతిథులు వచ్చేవారు కాదు, ఇంట్లోవాళ్ళని కూర్చోనిచ్చేవారు కాదు. సోఫా ఒక్కతే మహారాణిలా ఎండ కాగుతూ ఉండేది.

చిక్కేమిటంటే, ఆ గది పెద్దకోడలికి కూడా కావాలి.

పెద్దకోడలు ఒక వకీలు ఆఫీసులో టైపిస్టు. ఇంట్లో సొంతంగా ఒక టైపు మిషను కొనుక్కుంది. సాయంత్రాలు బయటివాళ్ళ అర్జీలు టైపు చేసిపెడదామని, కిటికీకి బోర్డు తగిలిద్దామని ఆమె ఆశ. ప్రస్తుతానికి ఆమె టైపు చేసేది వంటింటి పక్కన భోజనాల బల్ల మీద. అక్కడ కొట్టిన అర్జీల మీద నూనె చుక్కలు పడేవి. ఆ చుక్కల్ని చూసి అధికారులు అర్జీని పక్కన పడేసేవారని ఆమె ఫిర్యాదు. చుక్కలు లేకపోయినా పక్కన పడేసేవారే, అది వేరే సంగతి.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అన్యాయం ఒకవైపుంటే తగువు తొందరగా తెగుతుంది. న్యాయం రెండువైపులా ఉంటే తెగదు, సాగుతుంది. ఇది సాగింది. "అక్కా, నాకు కళ్ళు పోతున్నాయి" అనేది కత్తెరమ్మ. "నాకు పరువు పోతోంది చెల్లీ" అనేది పెద్దకోడలు. పెద్దకోడలి మొగుడు టీవీ మెకానిక్. పై అంతస్తులో ఒక గది నిండా చచ్చిన టీవీలు పేర్చుకుని, వాటి మధ్య రాజ్యం ఏలుతూ ఉండేవాడు. "ఆడవాళ్ళ వ్యవహారం, మీరే చూసుకోండి" అని ఆయన మెట్లెక్కేవాడు. కత్తెరమ్మ మొగుడు బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని వచ్చినవాడికి ఇంట్లో గొంతులు వినబడేవి కావు. అత్తగారు మాత్రం రెండువైపులా విని, ఇద్దరినీ తిట్టి, నిద్రపోయేది.

అలాంటి ఇంట్లోకి బావగారు, అంటే ఆ మెకానిక్, ఒక కంప్యూటర్ తెచ్చాడు.

కంప్యూటర్ అంటే ఇప్పటివాళ్ళు అనుకునేది కాదు. ఊరు మారిపోతూ ఎవరో ఆయన కొట్లో వదిలేసి వెళ్ళిన నల్ల పలక అది. పైన రబ్బరు మీటలు. దానికి తెర లేదు, టీవీకి తగిలించాలి; అందుకని ఒక టీవీతో సహా ముందుగదిలో అమర్చాడు. దానికి జ్ఞాపకం కూడా లేదు. కరెంటు తీస్తే చాలు, నేర్చుకున్నదంతా మరిచిపోయేది. ఆట ఆడాలంటే, క్యాసెట్‌ని టేపు రికార్డరులో పెట్టి ఆ ఆటని దాని చెవిలో మొదటినుంచీ చివరిదాకా వినిపించాలి.

ఆ వినిపించడం ఒక పెద్ద తతంగం. టేపు తిరగడం మొదలుపెట్టగానే, పిల్లి తోక తలుపు సందున పడ్డట్టు ఒక కీచుమోత. టీవీ అంచుల్లో రంగుల చారలు పరిగెత్తేవి. ఆ టేపు రికార్డరు ముసలిది. ఎవరైనా గట్టిగా అడుగేస్తే టేపు వణికేది, టేపు వణికితే ఆట చెడేది, చెడితే మళ్ళీ మొదటినుంచి. అందుకని కీచుమోత సాగినంతసేపూ ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవారు. బస్సు డ్రైవరు ఒక కాలు చెప్పులో, ఒక కాలు గాల్లో పెట్టి గుమ్మంలో కొంగలా నిలబడేవాడు. అత్తగారు దగ్గు వస్తే దిండు నోట్లో కుక్కుకునేది. చివరికి కీచుమోత ఆగి, తెర మీద అయిదంతస్తుల భవనం కనబడగానే అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలేవారు. ఆ గాలికి కిటికీ కర్టెను ఎగిరేదని కత్తెరమ్మ అనేది.

భవనం కింద ఒక చిన్న మనిషి ఉండేవాడు. గుండ్రటి తల, కర్రల్లాంటి కాళ్ళు. ఇంట్లోవాళ్ళు గుండుగాడు అన్నారు. వాడు మెట్లెక్కి, ఒక్కో అంతస్తులో దీపం వెలిగించాలి. పైనుంచి ఎవడో కనబడని దుర్మార్గుడు బకెట్లు దొర్లిస్తుంటాడు. బకెట్టు మీదికి రాగానే ఎగిరి దూకాలి. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు టింగుమని గంట మోగుతుంది, అందులో దూరితే ఒక అంతస్తు కలిసొస్తుంది. అయిదు దీపాలూ వెలిగితే కొత్త భవనం, ఇంకా వేగంగా దొర్లే బకెట్లు. ఎడమచేత్తో అటూ ఇటూ నడపాలి, కుడిచేత్తో దూకించాలి. గుండుగాడికి మూడు ప్రాణాలు. అంతే ఆట.

అంతే ఆట, కానీ ఇల్లు ఇల్లంతా తలకిందులైంది. అన్నం అడుగంటింది. వకీలుగారి అర్జీలో "మహాశయా" అన్న చోట "బకెట్టు" అని పడబోయి ఆగింది. ముందుగది సోఫా మీద మొట్టమొదటిసారి మనుషులు కూర్చున్నారు, అదీ కాళ్ళు పైకి పెట్టుకుని.

కత్తెరమ్మకి మొదట్లో ఆట రాలేదు. చిన్న స్టూలు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళతో మీటల్ని పొడిచేది. గుండుగాడు మొదటి మెట్టు మీదే చచ్చేవాడు. ఒకనాడు విసుగెత్తి, చేతులు వాటి దారిన వదిలేసి ఆడింది. కాసేపటికి బావగారు కిందికి వంగి చూశాడు.

"అమ్మాయ్, నీ కాళ్ళేం చేస్తున్నాయి?"

ఆమె కూడా వంగి చూసింది. రెండు పాదాలూ గాల్లో మిషను తొక్కుతున్నాయి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఆ లయలోనే బకెట్లు వస్తున్నాయి, ఆ లయలోనే గుండుగాడు దూకుతున్నాడు. కాళ్ళు ఆపితే చస్తున్నాడు.

"తొక్కనివ్వండి బావగారూ. నా పాదాలు, నా గుండు" అంది కత్తెరమ్మ. ఆ సాయంత్రం గుండుగాడు మూడు భవనాలు దాటాడు. కత్తెరమ్మ స్టూలు మీంచి లేచి, నెత్తికి ఏ మెట్టూ తగలని ఆ గదిలో, రెండు చేతులూ పైకెత్తి గుండ్రంగా తిరిగింది.

పెద్దకోడలి కష్టం వేరు. ఆమె వేళ్ళు మెరుపులు, మీటల వంక చూడనే చూడదు. కానీ టైపు మిషనులో వరస చివరికి రాగానే ఒక గంట మోగుతుంది. గంట మోగగానే టైపిస్టు ఎడమచెయ్యి లేచి, మిషను మీద ఉన్న బండిని కుడివైపుకి నెట్టాలి. ఏళ్ళ తరబడి చేసి చేసి ఆ చెయ్యి మనిషి మాట వినడం మానేసింది. ఆటలో లిఫ్టు టింగుమనగానే ఆమె ఎడమచెయ్యి లేచేది, గాల్లో ఫెడీమని కొట్టేది. పక్కన ఎవరుంటే వాళ్ళకి తగిలేది. ఒకసారి బావగారి కళ్ళజోడు సోఫా వెనక్కి ఎగిరింది.

"కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క దెబ్బ తినలేదు. ఇప్పుడు లిఫ్టు చేత తిన్నాను" అన్నాడాయన, కళ్ళజోడు వెతుక్కుంటూ.

చివరికి ఆమె టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి ఆడడం మొదలుపెట్టింది. గంట వినబడకపోతే చెయ్యి లేవదు. అప్పటినుంచి ఆమె కూడా భవనాల మీద భవనాలు దాటింది.

ఆమెకి ఇంకో అలవాటుంది. వకీలు ఆఫీసులో టైపు చేసిన కాగితాన్ని ఒకరు చేతిలో పట్టుకుంటే, అసలు కాగితాన్ని ఇంకొకరు పైకి చదవాలి, తప్పులు పట్టడానికి. అంకెలొస్తే అంకెలు, కామా వస్తే కామా, ఏదీ వదలకూడదు. ఆ చదివే పని పెద్దకోడలిది. చదివీ చదివీ, కంటికి కనబడినది నోట్లోంచి బయటపడకుండా ఆమె ఆపుకోలేకపోయేది. బస్సెక్కితే దుకాణాల బోర్డులన్నీ చదివేది. అత్తగారికి మందు సీసా అందిస్తూ, "చల్లని చోట ఉంచవలెను, ఫుల్‌స్టాప్" అనేది. అత్తగారికి దూరపు చూపు ఆనదు కాబట్టి, ఎవరు ఆడుతున్నా తెర పైన పెరిగే అంకెల్ని పైకి చదివి వినిపించే ఉద్యోగం తనంతట తానే ఆమెకి వచ్చిపడింది. "పన్నెండు వేల మూడు వందలు. పన్నెండు వేల నాలుగు వందలు." భావం లేదు, రాగం లేదు. కోర్టులో గుమస్తా పిలిచినట్టు.

ఆటలో కూడా తగువే. నీది ఎక్కువా నాది ఎక్కువా అని. కరెంటు తీస్తే అంకెలు చెరిగిపోతాయి కనుక నిన్నటి గొప్ప ఇవాళ రుజువు చెయ్యలేరు. నిన్న నేను ఇంత కొట్టానంటే, ఎవరు చూశారని రెండోవాళ్ళు. ఆ గోల భరించలేక ఒక సెలవురోజు మధ్యాహ్నం అత్తగారు దిండు విసిరికొట్టింది.

"ఆపండర్రా! ఇదొక పోరు, ఆ గది పోరొకటి. రెండూ కలిపి తెంచేస్తాను. ఇవాళ ఆడండి. చెరొక ఆట. ఎవరు ఎక్కువ తెస్తే ముందుగది వాళ్ళది. తరవాత ఎవరైనా నోరెత్తితే ఆ గదిలో నేనే మంచం వేసుకుంటాను."

ఇద్దరి ముఖాల్లోనూ రంగు మారింది. అత్తగారు మంచం వేసుకుంటానంటే వేసుకుంటుంది.

"నిజంగానా అత్తయ్యా?" అంది కత్తెరమ్మ.

"నేను అబద్ధం ఆడేదాన్నే, కానీ ఇవాళ ఓపిక లేదు" అంది అత్తగారు.

షరతులు మొదలయ్యాయి. శబ్దం లేకుండా ఆడతానంది పెద్దకోడలు. శబ్దం పెట్టుకుని ఆడతానంది కత్తెరమ్మ. ఒప్పుకున్నారు. స్టూలు మీద ఆడితే నడుం నొప్పి, ఆఫీసులోలా బల్లా కుర్చీ ఉండాలంది పెద్దకోడలు. సరే, భోజనాల బల్ల మోసుకొచ్చారు. బల్ల వేశాక పలక వైరు గోడ దాకా అందలేదు. బావగారు ఒక పొడుగు వైరు తెచ్చి, దాని చివరి స్విచ్చు బోర్డుని బల్ల కింద నేల మీద పెట్టాడు. అది చూసినవాళ్ళు ఎవరూ ఏమీ అనుకోలేదు.

కీచుమోత సాగింది. కొంగలన్నీ ఒంటికాలి మీద నిలబడ్డాయి. భవనం కనబడింది.

పెద్దకోడలు ముందు ఆడింది. చెప్పకేం, ఆ ఆట చూసి కత్తెరమ్మ గది మీద సగం ఆశ వదిలేసుకుంది. టీవీ మూగగా ఉంది. గదిలో రబ్బరు మీటల చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దకోడలు వెన్ను నిటారుగా పెట్టి, తన అంకెలు తనే చదువుకుంటూ భవనాలు ఊడ్చేస్తోంది. ముప్ఫై వేలు దాటింది. ఆ ఇంట్లో ఎవరూ ముప్ఫై వేలు చూసి ఎరగరు. నలభై వేలు దాటింది. బస్సు డ్రైవరు నిద్ర లేచి కూర్చున్నాడు. గుండుగాడికి చివరి ప్రాణం మిగిలింది, కానీ చచ్చే సూచన ఏదీ లేదు.

"నలభై ఒక్క వేల మూడు వందలు" అంది పెద్దకోడలు.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు గంట టింగుమంది.

ఎడమచెయ్యి లేచింది. దాన్ని ఆపడం దేవుడి వల్ల కూడా కాదు. ఫెడీమని టేపు రికార్డరుని కొట్టింది, అది బల్ల మీంచి ఎగిరి సోఫాలో పడింది. చెయ్యి వెనక్కి తిరిగొచ్చేలోపు గుండుగాడి నెత్తిన బకెట్టు పడింది.

గుమ్మంలో ఆ బ్యాంకు గుమస్తా నిలబడి ఉన్నాడు. "ప్యాంటు అయిందా అండీ?" అన్నాడు.

"ఇది కుట్ర!" అని లేచింది పెద్దకోడలు. "చెల్లీ, నువ్వే రమ్మన్నావు ఈయన్ని!"

"నేనా? ప్యాంటు ఎల్లుండి ఇస్తానన్నాను. ఈయన తొందరకి నేనేం చెయ్యను అక్కా? ఏమండీ, మిమ్మల్ని నేను రమ్మన్నానా?"

"లేదండీ. దారిలో ఉన్నా కదా అని..." గుమస్తా ఒకడుగు వెనక్కి వేశాడు.

"పోవద్దు!" అంది అత్తగారు. "గంట కొట్టిన పాపం నీది. లోపలికి వచ్చి కూర్చో. ఆట అయ్యేదాకా కదిలితే ఊరుకోను." ఆయన వచ్చి సోఫాలో, టేపు రికార్డరు పక్కన, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. "పెద్దమ్మాయ్, కావాలంటే ఇంకోసారి ఆడుకో."

పెద్దకోడలు తెర వంక చూసింది. నలభై ఒక్క వేల మూడు వందలు, అన్నిటికన్నా పైన, మెరుస్తోంది. ఆమె తల ఎగరేసింది. "అక్కర్లేదు అత్తయ్యా. దీన్ని దాటమనండి చూద్దాం."

కత్తెరమ్మ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఎత్తుగా ఉంది, పాదాలు నేలకి బాగా ఆనాయి. టీవీ శబ్దం పెంచింది. గుండుగాడు కింద నిలబడి ఉన్నాడు. వాడి వెనక, టీవీ పక్కన, నిలువెత్తు కిటికీ. దానిలోంచి పడ్డ వెలుతురు ఆమె మోచేతుల మీద ఉంది. ఆ వెలుతురు వంక చూడకూడదనుకుంది. చూస్తే ఏడుపొస్తుందేమోనని భయం వేసింది. అంతలోనే, అయిదు కర్రముక్కల మనిషి కోసం ఏడవడమేమిటని నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదలుపెట్టింది.

మొదటి ప్రాణం తొందరగా పోయింది. రెండోది చాలాదూరం వచ్చింది. పెద్దకోడలు వెనక నిలబడి అంకెలు చదువుతోంది. కోర్టు గుమస్తా గొంతే, ఇవాళ కొంచెం గరుకుగా ఉంది. పదహారు వేలు. ఇరవై రెండు వేలు. కత్తెరమ్మ అంకెలు చూడదు, ఎప్పుడూ చూడలేదు. ఆమెకి కనబడేవి బకెట్లు, అంతే. ఆమె కాళ్ళు బల్ల కింద తొక్కుతున్నాయి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఇరవై తొమ్మిది వేలు.

"తొక్కు అమ్మాయ్, తొక్కు!" అన్నాడు బావగారు, తన పెళ్ళాం అవతల ఉందని మరిచిపోయి.

"మీరెవరి పక్షం?" అని పెద్దకోడలు మధ్యలో ఒక్క ముక్క అని, "ముప్ఫై మూడు వేల వంద" అంది.

రెండో ప్రాణం ముప్ఫై అయిదు వేల దగ్గర పోయింది. చివరి ప్రాణం. బకెట్లు ఇప్పుడు దొర్లడం లేదు, కురుస్తున్నాయి. కత్తెరమ్మకి వేళ్ళు ఉన్నాయో లేదో తెలియడం లేదు. గదిలో ఎవరో అరుస్తున్నారు, ఎవరో సోఫా గుద్దుతున్నారు. ఆ గుద్దేది బ్యాంకు గుమస్తా అని తరవాత తెలిసింది. నలభై వేలు. లిఫ్టు టింగుమంది, వెనక పెద్దకోడలి ఎడమచెయ్యి లేచి బావగారి భుజాన్ని బాదింది. ఎవరూ పట్టించుకోలేదు. నలభై వేల తొమ్మిది వందలు. కత్తెరమ్మ పాదాలు, పెళ్ళికూతురి బట్టలు రేపటికి కావాలంటే తొక్కినట్టు, తొక్కుతున్నాయి. కుర్చీ ముందుకి జరిగింది. కాళ్ళు ఇంకా ముందుకి పోయాయి.

"నలభై ఒక్క వేల రెండు వందలు" అంది పెద్దకోడలు. "నలభై ఒక్క వేల మూడు వందలు. నలభై ఒక్క వేల నాలుగు వందలు."

టప్.

తెర నల్లబడింది. భవనం లేదు, గుండుగాడు లేడు, అంకెలు లేవు. కత్తెరమ్మ కుడిపాదం బల్ల కింద స్విచ్చు బోర్డు మీద ఉంది. ఆమె వంగి దాన్ని చూసింది. ఎవరిదో పాదాన్ని చూసినట్టు చూసింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"తెర మీద ఏమీ లేదు కాబట్టి ఎవరిదీ లెక్క కాదు" అన్నాడు బావగారు. "మళ్ళీ ఆడాలి."

"ఆడితే నా ఓపిక నువ్విస్తావా?" అంది అత్తగారు. "దాటిందా, దాటలేదా? చూసినవాళ్ళెవరు?"

బస్సు డ్రైవరు తను పెళ్ళాం వేళ్ళు చూస్తున్నానన్నాడు. బ్యాంకు గుమస్తా, తను బకెట్లు చూస్తున్నానని, క్షమించమని అన్నాడు. అత్తగారికి ఎలాగూ ఆనదు. "నువ్వు చూశావా చిన్నమ్మాయ్?"

కత్తెరమ్మ స్విచ్చు బోర్డు మీంచి కాలు తీసింది. ఆమె చూడలేదు. ఆమె అంకెలు చూడదు. చూశానని చెప్పొచ్చు. చెబితే అడ్డం వచ్చేవాళ్ళు లేరు. నోరు తెరిచింది, నోట్లోంచి "లేదు అత్తయ్యా" అని వచ్చింది. తన నోటి మీద తనకే కోపం వచ్చింది.

"అయితే చదివిందెవరు?" అంది అత్తగారు.

అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు.

పెద్దకోడలు నల్లటి తెర వంకే చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తను చదివిన చివరి అంకెని ఆమె మళ్ళీ లోపల చదువుకుంటోందని కత్తెరమ్మకి అర్థమైంది. ఒక్క మాట చాలు. తొందరలో పొరపాటుగా చదివానంటే చాలు. కిటికీ, బోర్డు, నూనె చుక్కలు పడని అర్జీలు, అన్నీ ఆమెవే. ఆమె స్థానంలో ఉంటే తను ఏం చేసేదో కత్తెరమ్మకి తెలియదు. తెలుసుకోవాలనిపించలేదు కూడా.

"పెద్దమ్మాయ్, ఎంత చదివావు?"

"నలభై ఒక్క వేల..." పెద్దకోడలు ఆగింది. "నాలుగు వందలు."

"పొరపాటున చదివావేమో" అన్నాడు ఆమె మొగుడు, కొంచెం ఆశగా.

"పొరపాటునా?" పెద్దకోడలు గిర్రున తిరిగింది. "పదేళ్ళుగా చదువుతున్నాను, ఒక్క కామా తప్పు పోయిందని వకీలుగారి చేత అనిపించుకోలేదు! ఉన్నది చదివాను. లేనిది చదవడం నాకు రాదు." అని, తన నోటి మీద తనే చేత్తో కొట్టుకుంది. "పాడు నోరు! నా గది నా నోటితోనే చదివి ఇచ్చేశాను! నాలుగు వందలట, ఫుల్‌స్టాప్ కూడా పెట్టేదాన్ని, స్విచ్చు నొక్కకపోతే!"

అంటూనే ఆమెకి నవ్వొచ్చింది. మొదట ముక్కుతో వచ్చింది, తరవాత భుజాలతో వచ్చింది, తరవాత బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. కత్తెరమ్మ ఆమెని ఓదార్చాలని లేచి, కుర్చీ కాళ్ళకి అడ్డం పడి, ఆమె మీదే పడింది. ఇద్దరూ నేల మీద కూర్చుని, ఒకరి భుజం ఒకరు బాదుకుంటూ నవ్వారు. "నీ కాలు చెల్లీ, నీ కాలు!" "నీ నోరు అక్కా, ముందు నీ నోరు!" బ్యాంకు గుమస్తా కూడా నవ్వుతూ, ఎందుకు నవ్వుతున్నానా అని ఆలోచిస్తున్నట్టు కనబడ్డాడు.

అందరికన్నా పెద్ద నవ్వు నవ్వింది మాత్రం బావగారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఒక కాలు, ఒక నోరు! ఇదీ ఆడవాళ్ళ ఆట! నేను కూర్చుంటే కళ్ళు మూసుకుని యాభై వేలు కొడతాను" అన్నాడు.

నేల మీది నవ్వు ఆగింది. తోటికోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఏం నడిచిందో మూడోవాళ్ళకి తెలియదు. అన్నాళ్ళ తగువులో వాళ్ళు ఒక్కసారి కూడా ఒకరినొకరు అలా చూసుకోలేదు.

"అక్కా," అంది కత్తెరమ్మ మెల్లగా, "బావగారి పై గదికి కిటికీలెన్ని?"

"రెండు," అంది పెద్దకోడలు. "రెండింటికీ అడ్డంగా టీవీలున్నాయి. వెనకనించి బోలెడు వెలుతురు కొట్టుకుంటోంది పాపం."

"బావగారూ, యాభై వేలన్నారు కదా?"

"అన్నాను. అంటే ఏంటి?" అన్నాడాయన. అప్పటికే ఒక అడుగు మెట్లవైపు పడింది.

"ఆడండి మరి. యాభై వద్దు, అక్క కొట్టిందాన్లో సగం కొట్టండి. కొడితే, ఇకమీదట మీ టీ మీ టీవీల దగ్గరికే తెచ్చిస్తాం. కొట్టలేకపోతే ఆ గది అక్కకి. టైపు చేసుకుంటుంది."

"అమ్మా!" అని ఆయన అత్తగారి వైపు తిరిగాడు, అంటే తన తల్లి వైపు.

"ఆడవాళ్ళ వ్యవహారం నాయనా, నువ్వే చూసుకో" అంది ఆవిడ. దిండు సర్దుకుని, ముందుకి జరిగి కూర్చుంది.

ఆయన పౌరుషం గలవాడు. కుర్చీ లాగి కూర్చున్నాడు. బస్సు డ్రైవరు స్విచ్చు బోర్డుని బల్ల కిందనించి దూరంగా లాగి, దాని మీద తను కూర్చున్నాడు. టేపు రికార్డరుని గుమస్తా పక్కనుంచి తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. కీచుమోత సాగింది, ఎవరూ కదల్లేదు. బ్యాంకు గుమస్తా అయితే ఊపిరి కూడా తీసుకోలేదు.

మెకానిక్‌కి ఆ పలక లోపలి తీగలన్నీ తెలుసు. ఎక్కడ ఏ కరెంటు పోతుందో, ఏ మీట ఏ తీగకి తగులుతుందో, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గుండుగాడికి మాత్రం అవేవీ తెలియవు. వాడికి తెలిసింది దూకమంటే దూకడం. ఆయన దూకమన్నప్పుడు బకెట్టు ఇంకా పై మెట్టు మీద ఉంది, వాడు కిందికి దిగినప్పుడు అది సరిగ్గా వాడి నెత్తిన ఉంది. రెండో ప్రాణంతో లిఫ్టు ఎక్కబోయి లిఫ్టు లేని చోట ఎక్కాడు. మూడోదాన్ని ఆయన ఎంతో జాగ్రత్తగా, గోడ వారగా, కదలకుండా నిలబెట్టాడు.

"ఎందుకండీ నిలబెట్టారు?" అంది ఆయన పెళ్ళాం.

"ఆలోచిస్తున్నాను."

"బకెట్టు ఆలోచించదండీ" అంది కత్తెరమ్మ.

బకెట్టు ఆలోచించలేదు.

"ఏడు వందలు" అని చదివింది పెద్దకోడలు. ఆ రెండు ముక్కల్లో ఈసారి రాగం ఉంది, భావం ఉంది, సంగీతమే ఉంది. అత్తగారు చప్పట్లు కొట్టింది.

"ఇంకోసారి. ఇది మీట నొక్కుకుపోయింది. రబ్బరు మీటలు, తేమ పట్టి ఉంటుంది. ఇంకొక్కసారి ఆడనివ్వండి" అని ఆయన బతిమాలుతూనే ఉన్నాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు. పై గదిలోంచి అప్పటికే కుర్చీలు జరుగుతున్న చప్పుడు వస్తోంది. బస్సు డ్రైవరు ఒక చచ్చిన టీవీని కావిలించుకుని మెట్ల మలుపులో నిలబడి, ఇదెక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండర్రా అని అరుస్తున్నాడు. బ్యాంకు గుమస్తా చొక్కా చేతులు మడుచుకుని రెండో టీవీ కోసం పైకెక్కుతున్నాడు.

కత్తెరమ్మ సగం మెట్లెక్కి, పిట్టగోడ మీంచి వంగి చూసింది.

"ఆడండి బావగారూ, ఎవరొద్దన్నారు? పొద్దుపోయేదాకా ఆడండి" అంది. "ముందుగది నాదే కదా, నేను ఒప్పుకుంటున్నాను."